పాంపీ, హెర్క్యులేనియం: తవ్వకాల చరిత్ర

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• క్రీ.శ. 79లో వెసూవియస్ పేలుడు వల్ల ఈ రెండు పట్టణాలు ఎలా పూడిపోయాయో వివరించగలుగుతారు.
• 18వ శతాబ్దం నుంచి నేటి వరకు తవ్వకాల పద్ధతుల్లో వచ్చిన మార్పులను గుర్తించగలుగుతారు.
• నిధుల వేటకూ, శాస్త్రీయ పురావస్తు పరిశోధనకూ ఉన్న తేడాను ఉదాహరణలతో చెప్పగలుగుతారు.
• తవ్వకుండా వదిలివేయడం కూడా ఒక పరిరక్షణ విధానమే అన్న వాదనను చర్చించగలుగుతారు.

1. పరిచయం

పురావస్తు తవ్వకం గురించి చదివేటప్పుడు మీరు ఒక విషయాన్ని మొదటే గుర్తుంచుకోవాలి. ఏ స్థలాన్నయినా ఒక్కసారి మాత్రమే తవ్వగలం. గ్రంథాలయంలోని పుస్తకాన్ని ఎన్నిసార్లయినా చదవవచ్చు. మట్టిపొరలు అలా కాదు. వాటిని తొలగించేటప్పుడు నమోదు చేయని సమాచారం మళ్లీ దొరకదు. అందువల్ల ఎవరు తవ్వారు, ఎందుకు తవ్వారు, ఏమి రాసిపెట్టారు అన్న ప్రశ్నలు దొరికిన వస్తువులతో సమానంగా ముఖ్యమైనవి.

ఈ విషయాన్ని అర్థం చేసుకోవడానికి దక్షిణ ఇటలీలోని పాంపీ, హెర్క్యులేనియం పట్టణాలు మంచి ఉదాహరణలు. ఇక్కడ తవ్వకాలు దాదాపు మూడు శతాబ్దాలుగా సాగుతున్నాయి. పురావస్తుశాస్త్రం చేసిన పొరపాట్లు, నేర్చుకున్న పాఠాలు రెండూ ఇక్కడ కనిపిస్తాయి.

2. పట్టణాలు పూడిపోయిన తీరు

నేపుల్స్ అఖాతం ఒడ్డున ఉన్న వెసూవియస్ అగ్నిపర్వతం క్రీ.శ. 79లో పేలింది. ఆ సంఘటనను చూసి రాసినవాడు చిన్న ప్లినీ. అతని మేనమామ పెద్ద ప్లినీ మిసేనమ్‌లో రోమన్ నౌకాదళాధిపతి. ప్రజలను రక్షించడానికి ఓడలతో బయలుదేరి ఆయన ప్రాణాలు కోల్పోయాడు. ఈ వివరాలను చిన్న ప్లినీ చరిత్రకారుడు టాసిటస్‌కు రెండు లేఖలలో తెలియజేశాడు.

రెండు పట్టణాలు ఒకే విధంగా పూడిపోలేదు. పాంపీ పర్వతానికి సుమారు 10 కిలోమీటర్ల దూరంలో ఉంది. దానిమీద ముందుగా ప్యూమిస్ అనే తేలికపాటి రాళ్లు గంటల తరబడి వానలా కురిశాయి. తరువాత వేడి వాయువులు, బూడిద కలిసిన ప్రవాహాలు దూసుకువచ్చాయి. మొత్తంమీద 4 నుంచి 6 మీటర్ల మేర పొర ఏర్పడింది. పర్వతానికి మరింత దగ్గరగా ఉన్న హెర్క్యులేనియంను ఇటువంటి వేడి ప్రవాహాలే సుమారు 20 మీటర్ల లోతున కప్పివేశాయి. ఆ పదార్థం క్రమంగా రాయిలా గట్టిపడింది. తవ్వకాల చరిత్ర రెండు చోట్ల రెండు దారులు పట్టడానికి ఈ తేడా ఒక ముఖ్య కారణం.

3. గుర్తించకుండానే తవ్విన కాలం

16వ శతాబ్దం చివరలో డొమెనికో ఫోంటానా అనే వాస్తుశిల్పి సార్నో నది నీటిని తరలించడానికి ఒక కాలువ తవ్వించాడు. ఆ కాలువ నేరుగా పాంపీ కిందుగా సాగింది. పనివారికి శాసనాలు, రంగులు వేసిన గోడలు కనిపించాయి. అయినా అక్కడ ఒక నగరం ఉందని ఎవరూ గుర్తించలేదు. వస్తువు కంటపడినంత మాత్రాన అది ఆధారం కాదు. దానిని ప్రశ్నించేవారు ఉన్నప్పుడే ఆధారమవుతుంది.

1709లో హెర్క్యులేనియం మీద వెలసిన రెసినా అనే ఊరిలో బావి తవ్వుతుండగా పాలరాయి ముక్కలు బయటపడ్డాయి. ఆస్ట్రియా సైన్యంలోని అధికారి, డెల్బెఫ్ ప్రభువు ఆ భూమిని కొని సొరంగాలు తవ్వించాడు. ఆయన తవ్వినది పురాతన నాటకశాలను అని అప్పుడు తెలియదు. అక్కడ దొరికిన మూడు స్త్రీ విగ్రహాలను వియన్నాలోని యూజీన్ రాకుమారునికి కానుకగా పంపాడు. అవి ఇప్పుడు జర్మనీలోని డ్రెస్డెన్‌లో ఉన్నాయి.

4. రాజుగారి తవ్వకాలు: 1738 నుంచి

నేపుల్స్ రాజు, బోర్బన్ వంశీయుడైన చార్లెస్ 1738లో హెర్క్యులేనియంలో అధికారికంగా తవ్వకాలు ప్రారంభించాడు. ఈ బాధ్యతను స్పెయిన్‌కు చెందిన సైనిక ఇంజనీరు అల్కుబియర్‌కు అప్పగించాడు. గట్టి పొరలో సొరంగాలు తొలిచే పని చాలా ప్రమాదకరమైనది. ఈ పనికి శిక్ష పడిన ఖైదీలను కూడా ఉపయోగించారు. దీపాల పొగ, తేమ, గాలి లేకపోవడం వల్ల వారు పడిన కష్టం రాజభవన ప్రదర్శనశాలలో కనిపించేది కాదు.

ఆనాటి లక్ష్యం స్పష్టం. రాజు సేకరణకు తగిన విగ్రహాలు, చిత్రాలు, కంచు వస్తువులు కావాలి. గోడల మీది చిత్రాలను చట్రాలుగా కోసి పోర్టిచిలోని రాజభవనానికి తరలించారు. ఉంచుకోవడానికి తగవనుకున్న చిత్రాలను కొన్ని సందర్భాలలో ధ్వంసం చేశారు. ఒక చిత్రం ఏ గదిలో, ఏ గోడమీద, దేని పక్కన ఉండేదన్న సమాచారం ఇలా పోయింది. పని ముగిసిన సొరంగాలను తిరిగి మట్టితో నింపివేసేవారు.

1748లో తవ్వకాలు పాంపీకి విస్తరించాయి. ఇక్కడి పొర మెత్తనిది, లోతు తక్కువ. అందువల్ల సొరంగాలు లేకుండా పైనుంచే తవ్వడం సాధ్యమైంది. మొదట్లో ఈ స్థలాన్ని స్టేబియే అనే మరో పట్టణమని భావించారు. 1763లో దొరికిన ఒక శాసనంలో పాంపీ ప్రజల ప్రస్తావన ఉండడంతో దీని అసలు పేరు నిర్ధారణ అయింది.

ఇదే కాలంలో భిన్నమైన దృష్టితో పనిచేసినవాడు స్విట్జర్లాండ్‌కు చెందిన ఇంజనీరు కార్ల్ వెబర్. 1750లో హెర్క్యులేనియం వద్ద ఒక విశాలమైన భవనం బయటపడింది. అందులో కాలి బొగ్గయిన పపైరస్ చుట్టలు వందల సంఖ్యలో దొరకడంతో దానికి ‘పపైరీల భవనం’ అని పేరు వచ్చింది. చీకటి సొరంగాలలోనే కొలతలు తీసుకుని వెబర్ ఆ భవనం నమూనా పటాన్ని గీశాడు. భవనంలో అధిక భాగం నేటికీ భూగర్భంలోనే ఉంది. అయినా ఆ పటం ఆధారంగా 20వ శతాబ్దంలో అమెరికాలోని కాలిఫోర్నియాలో గెట్టీ మ్యూజియం భవనాన్ని నిర్మించగలిగారు. వస్తువును తీసుకుపోయిన వారికంటే కొలత రాసిపెట్టిన వ్యక్తి మనకు ఎక్కువ మిగిల్చాడన్నమాట.

జర్మన్ కళాచరిత్రకారుడు వింకెల్‌మన్ 1762లో ప్రచురించిన లేఖలో అల్కుబియర్ పద్ధతులను తీవ్రంగా విమర్శించాడు. ఒక శాసనంలోని కంచు అక్షరాలను, వాటి వరుసను నమోదు చేయకుండానే ఊడదీసి బుట్టలో వేసి రాజుకు చూపించారని ఆయన రాశాడు. అక్షరాలు దొరికాయి, శాసనం పోయింది. నిధుల వేటకూ పరిశోధనకూ తేడా తెలుసుకోవడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి - 1
అ) హెర్క్యులేనియంలో సొరంగాలు తవ్వవలసి రావడానికి కారణమేమిటి?
ఆ) కార్ల్ వెబర్ పని అల్కుబియర్ పని కంటే ఏ విధంగా భిన్నమైనది?

5. ఫియోరెల్లి సంస్కరణలు

1860లో బోర్బన్ పాలన అంతమై నేపుల్స్ ఐక్య ఇటలీలో భాగమయ్యే సమయంలో జుసెప్పె ఫియోరెల్లి పాంపీ తవ్వకాల బాధ్యత స్వీకరించాడు. ఆయన చేసిన ముఖ్యమైన మార్పులు మూడు.

మొదటిది, తవ్వే దిశ. అంతకుముందు వీధులను ముందుగా తవ్వి, పక్కల నుంచి ఇళ్లలోకి చొచ్చుకుపోయేవారు. దానివల్ల పై అంతస్తులు కూలిపోయేవి. ఫియోరెల్లి పైనుంచి కిందికి, పొర తరువాత పొరగా తవ్వించాడు. దీనితో పై అంతస్తుల అవశేషాలు, పైకప్పు కూలిన తీరు తెలిశాయి.

రెండవది, చిరునామా పద్ధతి. నగరాన్ని 9 ప్రాంతాలుగా, ఒక్కొక్క ప్రాంతాన్ని బ్లాకులుగా విభజించి, ప్రతి ద్వారానికి ఒక సంఖ్య ఇచ్చాడు. ఉదాహరణకు ‘ఫాన్ గృహం’ అనే ప్రసిద్ధ భవనం 6వ ప్రాంతంలో 12వ బ్లాకులో 2వ ద్వారం. ఒక చిన్న కుండ దొరికినా దాని స్థానాన్ని కచ్చితంగా చెప్పడానికి వీలు కలిగింది. పరిశోధకులు నేటికీ ఈ పద్ధతినే వాడుతున్నారు.

మూడవది, 1863లో ప్రవేశపెట్టిన ప్లాస్టర్ పోతల పద్ధతి. మరణించిన వారి చుట్టూ సన్నని బూడిద పేరుకుని గట్టిపడింది. కాలక్రమంలో శరీరం శిథిలమై ఎముకలు మాత్రం మిగిలి, శరీరాకృతిలో ఖాళీ ఏర్పడింది. తవ్వేటప్పుడు ఖాళీ తగిలితే పని ఆపి, చిన్న రంధ్రం ద్వారా ద్రవ ప్లాస్టర్ పోయాలని ఫియోరెల్లి ఆదేశించాడు. ప్లాస్టర్ గట్టిపడిన తరువాత చుట్టూ ఉన్న బూడిదను తొలగిస్తే, మనిషి చివరి క్షణంలో ఉన్న భంగిమ, దుస్తుల మడతలతో సహా కనిపించింది. పాంపీ అంటే విగ్రహాల గని అనుకున్న ప్రపంచానికి అది మనుషులు బతికిన ఊరని ఈ పోతలు చూపించాయి.

6. ఇరవయ్యవ శతాబ్దం

1882లో జర్మన్ పండితుడు ఆగస్ట్ మావ్ పాంపీ గోడచిత్రాలను నాలుగు శైలులుగా వర్గీకరించాడు. తరువాత విట్టోరియో స్పినాజోలా ప్రధాన వీధి వెంబడి ఇళ్ల ముందుభాగాలను, బాల్కనీలను నిలబెట్టడంపై శ్రద్ధ పెట్టాడు. దుకాణాలు, గోడల మీది ఎన్నికల ప్రచార రాతలు దీనివల్ల వెలుగులోకి వచ్చాయి.

1924 నుంచి 1961 వరకు అమెదెయో మయూరి నాయకత్వం వహించాడు. 1927లో హెర్క్యులేనియంలో పైనుంచి తవ్వే పని చేపట్టాడు. బొగ్గుగా మారిన చెక్క తలుపులు, మంచాలు, మెట్లు అక్కడ దొరికాయి. రెండవ ప్రపంచ యుద్ధంలో, 1943లో, మిత్రరాజ్యాల బాంబులు పాంపీ మీద పడి అనేక కట్టడాలు దెబ్బతిన్నాయి. మయూరి కూడా గాయపడ్డాడు. యుద్ధానంతరం తవ్వకాలు చాలా వేగంగా సాగాయి. అయితే తవ్వినంత వేగంగా పరిరక్షణ, ప్రచురణ జరగలేదు.

మయూరి కాలంలోనే, 1938లో, పాంపీలోని ఒక ఇంట్లో భారతదేశంలో చెక్కిన దంతపు బొమ్మ దొరికింది. సుమారు 24 సెంటీమీటర్ల ఎత్తున్న ఈ స్త్రీమూర్తిని మొదట లక్ష్మి అన్నారు. యక్షిణి అయి ఉండవచ్చని ఇప్పుడు చాలామంది భావిస్తున్నారు. మహారాష్ట్రలోని తేర్, భోకర్దన్‌లలో ఇటువంటి బొమ్మలు లభించాయి. శాతవాహనుల కాలంలో దక్కనుకు రోమ్‌తో ఉన్న వ్యాపార సంబంధాల గురించి మీరు ఇప్పటికే చదివి ఉంటారు. తెలంగాణలోని కొండాపూర్‌లో రోమన్ నాణేలు లభించడం ఆ సంబంధాలకు ఈవైపు ఆధారమైతే, ఈ దంతపు బొమ్మ ఆవైపు ఆధారం. పైగా పాంపీ పూడిపోయిన సంవత్సరం తెలుసు కాబట్టి, ఈ బొమ్మ క్రీ.శ. 79 కంటే ముందుదని నిస్సందేహంగా చెప్పగలం.

7. నిర్ధారణలు మారిన సందర్భాలు

కొత్త ఆధారాలు వచ్చినప్పుడు పాత నిర్ధారణలు ఎలా మారుతాయో ఈ మూడు ఉదాహరణలలో గమనించండి.

హెర్క్యులేనియంలో అస్థిపంజరాలు తక్కువగా దొరకడంతో ప్రజలు చాలావరకు తప్పించుకున్నారని ఎంతోకాలం భావించారు. 1980ల ప్రారంభం నుంచి పురాతన సముద్రతీరంలోని పడవల గదులను తవ్వగా సుమారు 300 మంది అస్థిపంజరాలు బయటపడ్డాయి. ఆధారం దొరకకపోవడానికి, సంఘటన జరగకపోవడానికి తేడా ఉంది.

పేలుడు ఆగస్టు 24న జరిగిందని ప్లినీ లేఖ ప్రతుల ఆధారంగా చెబుతూ వచ్చారు. 2018లో ఒక ఇంటి గోడపై బొగ్గుతో రాసిన రాత దొరికింది. అందులోని తేదీ మన లెక్కలో అక్టోబరు 17. బొగ్గు రాత ఎక్కువకాలం నిలవదు కాబట్టి పేలుడు అక్టోబరులో జరిగి ఉంటుందని పలువురు పండితులు వాదిస్తున్నారు. ఆ రాతలో సంవత్సరం లేదు కనుక చర్చ ఇంకా ముగియలేదు.

బంగారు కంకణం ధరించిన ఒక మూర్తి, దానితో ఉన్న బిడ్డ ప్లాస్టర్ పోతలను చూసి తల్లీబిడ్డలని దశాబ్దాలుగా చెప్పారు. 2024లో ప్రచురితమైన డీఎన్ఏ పరిశోధనలో ఆ పెద్ద వ్యక్తి పురుషుడని, బిడ్డతో రక్తసంబంధం లేదని తేలింది. ఆభరణాన్ని చూసి స్త్రీ అని, దగ్గరగా ఉండడం చూసి తల్లి అని ఊహించినది మనమే.

8. నేటి సమస్య: తవ్వాలా, కాపాడాలా?

బయటపడిన కట్టడం ఆ రోజు నుంచే శిథిలం కావడం మొదలవుతుంది. వాన, ఎండ, మొక్కల వేళ్లు, లక్షలాది సందర్శకుల పాదాలు దానిని అరగదీస్తాయి. 1997లో ఈ స్థలాలను యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అయినా 2010లో పాంపీలోని ‘గ్లాడియేటర్ల భవనం’గా పేరుపొందిన కట్టడం కూలిపోయింది. దీనిపై విమర్శలు వెల్లువెత్తిన తరువాత 2012లో ఐరోపా సమాఖ్య సహాయంతో 10.5 కోట్ల యూరోల పరిరక్షణ పథకం ప్రారంభమైంది.

పాంపీ విస్తీర్ణం సుమారు 66 హెక్టార్లు. అందులో దాదాపు మూడో వంతు ఇంకా తవ్వలేదు. దానిని అలాగే ఉంచాలన్నది నేడు ఎక్కువమంది నిపుణుల అభిప్రాయం. రేపటి పరికరాలు మనకంటే తక్కువ నష్టంతో ఎక్కువ తెలుసుకోగలవని వారి వాదన. దీనికి బలమైన నిదర్శనం పపైరస్ చుట్టలే. 18వ శతాబ్దంలో వాటిని విప్పే ప్రయత్నంలో అనేకం ముక్కలయ్యాయి. ఆనాడు విప్పకుండా మిగిలిన చుట్టలను ఇప్పుడు ఎక్స్-రే స్కానింగ్, కంప్యూటర్ సహాయంతో తెరవకుండానే కొంతమేర చదువుతున్నారు.

అయితే ఈ వాదనకు మరో పక్షం కూడా ఉంది. పాంపీ వెలుపల చివిత జులియానా వద్ద దొంగలు రహస్యంగా సొరంగాలు తవ్వి వస్తువులు తరలించుకుపోయారు. దానిని అడ్డుకోవడానికి 2017 నుంచి అధికారిక తవ్వకాలు జరపవలసి వచ్చింది. అక్కడ 2021లో బానిసలు నివసించిన చిన్న గది బయటపడింది. అందులోని మూడు మంచాల ఆకృతిని రాబట్టడానికి వాడినది ఫియోరెల్లి ప్లాస్టర్ పద్ధతే. రాజు కోసం విగ్రహాలు వెతికిన చోట, నేడు పేరు తెలియని బానిస పడుకున్న మంచాన్ని శ్రద్ధగా నమోదు చేస్తున్నారు. మూడు శతాబ్దాలలో పురావస్తుశాస్త్రం సాధించిన ప్రగతికి ఇది మంచి కొలమానం.

9. సారాంశం

క్రీ.శ. 79లో పూడిపోయిన ఈ పట్టణాలలో అధికారిక తవ్వకాలు 1738లో హెర్క్యులేనియంలో, 1748లో పాంపీలో మొదలయ్యాయి. తొలిదశలో రాజుల సేకరణే లక్ష్యం కావడంతో విలువైన సమాచారం నశించింది. ఫియోరెల్లి 1860 తరువాత పొరలవారీ తవ్వకాన్ని, చిరునామా పద్ధతిని, ప్లాస్టర్ పోతలను ప్రవేశపెట్టాడు. 20వ శతాబ్దంలో తవ్వకాలు విస్తరించాయి, కాని పరిరక్షణ వెనుకబడింది. నేడు తవ్వకం కంటే కాపాడడానికి ప్రాధాన్యం ఇస్తున్నారు.

10. మాదిరి పరీక్షా ప్రశ్నలు

I. ఈ క్రింది ప్రశ్నలకు సుమారు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. పాంపీ తవ్వకాలలో ఫియోరెల్లి ప్రవేశపెట్టిన సంస్కరణలను వివరించండి.
2. ‘తవ్వకుండా వదిలివేయడం కూడా పరిరక్షణే’ - చర్చించండి.

II. ఈ క్రింది ప్రశ్నలకు సుమారు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. వింకెల్‌మన్ విమర్శ ప్రాధాన్యం ఏమిటి?
2. పాంపీలో దొరికిన భారతీయ దంతపు బొమ్మ చారిత్రక విలువను తెలపండి.
3. హెర్క్యులేనియం పడవల గదుల తవ్వకం ఏ అభిప్రాయాన్ని మార్చింది?

మీ ప్రగతిని పరీక్షించుకోండి - 1: సమాధానాలు
అ) పట్టణాన్ని కప్పిన పదార్థం సుమారు 20 మీటర్ల మందాన రాయిలా గట్టిపడడం, దానిమీద రెసినా ఊరు వెలసి ఉండడం.
ఆ) అల్కుబియర్ వస్తువుల సేకరణకు ప్రాధాన్యమిచ్చాడు. వెబర్ కట్టడాల కొలతలు తీసుకుని పటాలు గీసి, మొత్తం నిర్మాణాన్ని నమోదు చేశాడు.