సోమరితనం కాదు, భయం!
'రేపు చదువుదాం' అనే విద్యార్థి మనసులో ఏముంది?

దొర్నిపాడు: సెలవుల్లో తండ్రి వెంట శనగ చేనికి వెళ్లి పొద్దుగూకేదాకా నడుం వంచి పనిచేసే కుర్రవాడు పుస్తకం ముందు పది నిమిషాలు కూర్చోలేకపోతున్నాడంటే అతడిని సోమరి అనవచ్చా? ఆళ్లగడ్డ, కోవెలకుంట్ల, నంద్యాల కళాశాలలకు పిల్లలను పంపుతున్న పల్లె ఇళ్లలో తల్లిదండ్రులకు తరచు ఎదురయ్యే ప్రశ్న ఇది. పరీక్షలకు మూడు నెలల వ్యవధి ఉన్నప్పుడు పుస్తకం తెరవడు. మూడు రోజులు మిగిలాక రాత్రంతా దీపం ఆర్పడు. ఫలితాలు వచ్చాక రెండు పేపర్లు పోయాయని తెలిసి, 'వచ్చే సెమిస్టరులో రాస్తాలే నాయనా' అంటాడు. ఆ వచ్చే సెమిస్టరులోనూ కథ మారదు.

ఇది ఒక్క ఊరి కథ కాదు. కళాశాల విద్యార్థులలో 80 నుంచి 95 శాతం మంది ఏదో ఒక మేరకు చదువును వాయిదా వేసేవారేనన్న అంచనాలను, ఈ విషయంపై జరిగిన పరిశోధనలన్నిటినీ కూర్చి చూసిన పియర్స్ స్టీల్ అనే శాస్త్రజ్ఞుడు 2007లో ఉదహరించారు. ఇంత మందికి ఉన్నదాన్ని బద్ధకం అని కొట్టిపారేస్తే చిక్కుముడి విడదు.

మనసు ఆడే బేరం

1984లో అమెరికాలో సాల్మన్, రాత్‌బ్లమ్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు విద్యార్థులను నేరుగా అడిగి చూశారు. ఎందుకు వాయిదా వేస్తున్నారన్న ప్రశ్నకు వచ్చిన సమాధానాలలో రెండు ప్రధానంగా కనిపించాయి. ఒకటి తప్పుతామేమోనన్న భయం, రెండోది ఆ పని మీద అయిష్టత. సరిగా రాదేమోనన్న బెరుకు ఉన్నచోట మనిషి పనికి దూరంగా జరుగుతాడు. జరగ్గానే మనసు తేలికపడుతుంది. ఆ తేలికదనమే అసలు ఉచ్చు. 2013లో సిరోయిస్, పిచిల్ అనే పరిశోధకులు ఈ సంగతినే వివరించారు. వాయిదా వేసేవాడు కాలాన్ని లెక్కవేయలేక వేయడం లేదట, ఆ క్షణంలో కలిగే దిగులును తప్పించుకోవడానికి వేస్తున్నాడట.

ఒకప్పుడు పల్లెల్లో తలుపుల మీద 'ఓ స్త్రీ రేపు రా' అని రాసుకునేవారు. వచ్చిన దయ్యం అది చదివి వెనక్కి పోతుందని నమ్మకం. విద్యార్థి కూడా పుస్తకానికి అదే మాట చెబుతున్నాడు. దయ్యం మాటేమో గాని, పరీక్ష మాత్రం చెప్పిన తేదీకి వచ్చి తీరుతుంది.

ముందు సుఖం, తర్వాత వడ్డీ

ఈ బేరంలో లాభనష్టాలను టైస్, బామీస్టర్ అనే ఇద్దరు 1997లో లెక్కగట్టారు. ఒహాయోలోని ఒక విశ్వవిద్యాలయంలో విద్యార్థులను సెమిస్టరు పొడవునా గమనించారు. మొదటి వారాలలో, పని వాయిదా వేసినవారే హాయిగా ఉన్నారు. వారికి ఒత్తిడి తక్కువ, ఒంట్లో నలత తక్కువ. సెమిస్టరు చివరికి వచ్చేసరికి లెక్క తిరగబడింది. వారికే ఒత్తిడి ఎక్కువ, అనారోగ్యం ఎక్కువ, మార్కులు తక్కువ. మొదట అనుభవించిన సుఖం కంటే చివర పడిన బాధే ఎక్కువని తేలింది. చేబదులు తెచ్చిన సొమ్ముకు వడ్డీ కట్టినట్టే ఇదీను.

పల్లె బిడ్డకు భారం ఎక్కువ

పట్నంలో చదువుకున్న కుటుంబంలోని కుర్రవాడికి పాఠం తెలియకపోతే అడగడానికి ఇంట్లో అక్కో అన్నో ఉంటారు. ఇంటిల్లిపాదిలో తొలిసారి డిగ్రీ గడప తొక్కిన బిడ్డకు ఆ ఆసరా లేదు. దీనికి తోడు 2021-22 విద్యా సంవత్సరం నుంచి రాష్ట్రంలో డిగ్రీ చదువు ఇంగ్లీషు మాధ్యమంలోకి మారింది. పదో తరగతి దాకా తెలుగులో చదివిన విద్యార్థి మొదటి పేజీలోనే పది మాటలకు అర్థం వెతుక్కోవలసి వస్తే పుస్తకం మూసేయడంలో వింతేముంది? పైకి కనిపించేది బద్ధకం. లోపల ఉన్నది 'నాకు రాదేమో' అన్న దిగులు. చేతిలో సెల్‌ఫోను ఉండనే ఉంది. ఆ దిగులును మరిపించడానికి దానిని మించినది లేదు.

దీని ఖరీదు కూడా పల్లెలోనే ఎక్కువ. పేపర్లు మిగిలిపోతే డిగ్రీ పట్టా చేతికి రాదు. పట్టా లేనిదే పీజీ ప్రవేశానికీ, డిగ్రీ అర్హతగా ఉన్న ఉద్యోగాలకూ దారి మూసుకుంటుంది. మగపిల్లవాడైతే మరో ఏడాది చూద్దామంటారు. ఆడపిల్ల విషయంలో ఆ ఏడాది దొరకడం అరుదు. 'చదువు ఎటూ సాగడం లేదు కదా' అని సంబంధాలు చూడటం మొదలవుతుంది. ఆమె వాయిదా వేసింది ఒక పాఠమే అయినా ఆగిపోయేది చదువంతా.

చేను నేర్పే పాఠం

మరి అదే కుర్రవాడు పొలంలో ఎందుకు వాయిదా వేయడు? ఈ ప్రశ్నలోనే మందు ఉంది. సేద్యానికి అదను, పదును ఉంటాయి. నల్లరేగడిలో తేమ ఆరకముందే శనగ విత్తు పడాలి. కాలువ కింద వరి వేసిన రైతు నీటి వంతు వచ్చేనాటికి మడి సిద్ధం చేసుకుని ఉండాలి. తర్వాత కలుపు, ఆ తర్వాత కోత, నూర్పిడి. పంట కాలమంతా చిన్న చిన్న గడువులే. ఏ గడువు తప్పినా కళ్లెదుటే నష్టం కనిపిస్తుంది. చదువుకు అలా కాదు. 2015-16లో డిగ్రీలో సెమిస్టరు పద్ధతి వచ్చి గడువు ఏడాది నుంచి ఆరు నెలలకు తగ్గినా, విద్యార్థి మనసులో ఉన్నది మాత్రం చివరి పరీక్ష ఒక్కటే. విత్తు వేయకుండా కోత కోసం ఎదురుచూడటం లాంటిది ఇది.

అమెరికాలోని ఎంఐటీలో ఏరియలీ, వెర్టెన్‌బ్రాక్ జరిపిన ప్రయోగం 2002లో వెలువడింది. ఒక కోర్సులో విద్యార్థులు మూడు వ్యాసాలు రాయాలి. ఒక తరగతికి సమాన వ్యవధితో మూడు గడువులు పెట్టారు. మరో తరగతి వారిని తమ గడువులు తామే పెట్టుకోమన్నారు. విడివిడి గడువులు పెట్టిన తరగతికే మంచి మార్కులు వచ్చాయి. సొంతంగా పెట్టుకున్నవారిలోనూ, మూడింటినీ సమానంగా పరచుకున్నవారు వెనుకబడలేదు. చదువుకు కూడా అదనులు కల్పించుకోవాలన్నదే దీని సారం.

ఆళ్లగడ్డ శిల్పులకు ఈ సంగతి ఎవరూ చెప్పనక్కరలేదు. రాతి ముందు కూర్చున్న శిల్పి విగ్రహమంతా ఒక్కరోజులో చెక్కాలని అనుకోడు. ముందు గీతలు గీస్తాడు, తర్వాత పెద్ద పెచ్చులు తీస్తాడు, ముఖం, ఆభరణాల నగిషీ చివరకు. విద్యార్థి కూడా 'ఈ రోజు యూనిట్ అంతా' అని కూర్చోకుండా 'ఈ పూట నాలుగు పేజీలు' అని కూర్చుంటే భయం సగం తగ్గుతుంది.

ఎప్పుడు? ఎక్కడ?

'చదవాలి' అనుకోవడం వేరు, 'ఆరు గంటలకు మిద్దె మీద కూర్చుని చదువుతా' అనుకోవడం వేరు. జర్మనీలో గోల్‌విట్జర్, బ్రాండ్‌స్టాటర్ 1997లో ప్రకటించిన పరిశోధన దీనికి తార్కాణం. క్రిస్మస్ సెలవుల్లో ఒక చిన్న నివేదిక రాయమని విద్యార్థులకు చెప్పారు. ఎప్పుడు, ఎక్కడ కూర్చుని రాస్తారో ముందే నిర్ణయించుకున్నవారిలో నాలుగింట మూడు వంతుల మంది గడువులోగా పూర్తిచేశారు. అలా నిర్ణయించుకోనివారిలో పూర్తిచేసింది మూడో వంతు మందే. కళాశాల బస్సు దిగి ఇల్లు చేరే వేళ ప్రతి విద్యార్థికీ తెలిసిందే. కాళ్లు కడుక్కుని, టీ తాగి, సెల్‌ఫోను అమ్మ చేతికిచ్చి అరగంట కూర్చుంటానని నిశ్చయించుకోవడానికి పైసా ఖర్చు లేదు.

తిట్టు మందు కాదు

ఇక తల్లిదండ్రుల సంగతి. 'నీకు చదువు అబ్బదురా' అన్న మాట కొడుకును పుస్తకం వైపు నడపదు. ఉన్న భయానికి మరో భయం తోడవుతుంది. కెనడాలోని కార్లటన్ విశ్వవిద్యాలయంలో మొదటి సంవత్సరం విద్యార్థులపై జరిపిన పరిశీలన 2010లో వెలువడింది. మొదటి పరీక్షకు చదువు వాయిదా వేసి, ఆ తప్పుకు తమను తాము క్షమించుకున్నవారు రెండో పరీక్షకు అంతగా వాయిదా వేయలేదు. జరిగినదానికి కుమిలిపోవడం కూడా పుస్తకం నుంచి పారిపోవడానికి మరో దారేనన్నమాట.

అధ్యాపకులు చేయగలిగింది కూడా ఉంది. ఒక్క పెద్ద పరీక్షకు బదులు పదిహేను రోజులకొక చిన్న పరీక్ష పెట్టి, దిద్దిన కాగితం వెంటనే చేతికిస్తే విద్యార్థికి తన చేను ఎంత పచ్చగా ఉందో కనబడుతుంది. చదువుకున్న అక్కలు, అన్నలు వారానికో సాయంత్రం గుడి అరుగు మీదో, బడి వరండాలోనో కూర్చుని తమ్ముళ్లు, చెల్లెళ్ల సందేహాలు తీరిస్తే 'నాకు రాదేమో' అన్న దిగులు చాలామందికి తీరుతుంది.

ఏటా పదును చూసి విత్తనం వేయగలిగిన కుటుంబాలకు కాలం విలువ ఒకరు చెప్పనక్కరలేదు. ఈసారి పేపరు తప్పిన బిడ్డను 'ఎందుకు చదవలేదు?' అని నిలదీసే ముందు, 'ఏ పాఠం దగ్గర భయమేసింది?' అని అడిగి చూడటం మేలు.