మీకు తెలుసా? విశ్రాంతికాలమున తోడు

1938వ సంవత్సరమున అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమువారు తమ విద్యార్థులలో 268 మందిని ఎంచుకొని వారి జీవితగమనమును పరిశీలింప నారంభించిరనియు, బోస్టను నగరపు పేదవాడలలో పెరిగిన 456 మంది బాలురపై సాగిన మరియొక పరిశోధనము తరువాత దానితో కలిసినదనియు, ఆ పరిశీలనము 80 ఏండ్లు గడచినను ఆగలేదనియు మీకు తెలియునా? ఆ విద్యార్థులలో, అనంతరము దేశాధ్యక్షుడైన జాన్ కెనెడీ యొకడు.

50వ యేట ఒకని రక్తములో కొవ్వెంత యున్నదో చూచుటకంటె, ఆత్మీయులతోడి అనుబంధమున అతనికెంత తృప్తి కలదో చూచినచో, 80వ యేట అతని ఆరోగ్య మెట్లుండునో మేలుగా ఊహింపవచ్చునని పరిశోధకులు కనుగొనిరి. దంపతులు కలహింపరాదని కాదు సుమా! దినదినము కీచులాడుకొన్నను, ఆపదవేళ రెండవవారు అండగా నిలుతురన్న నమ్మకమున్నచో, ఆ కలహములు వృద్ధుల జ్ఞాపకశక్తిని అంతగా బాధింపలేదు. దేహబాధ హెచ్చిన దినములలో సైతము అన్యోన్యదంపతుల మనస్సు ప్రసన్నముగానే యుండెను.

పింఛను లెక్కలు పదియేండ్లు ముందుగా వేసికొనువారును మరచు విషయ మింకొకటి కలదు: కచేరీలో నిత్యము కూడియుండిన సహోద్యోగుల స్థానమున, ఆటపాటలకు క్రొత్త నేస్తములను స్వయముగా వెదకికొన్నవారే ఆ బృందమున విశ్రాంతికాలమును అందరికంటె సుఖముగా గడపిరి.