చెరువు గట్టున నడకకు వెళ్తున్నారా?

యాప్రాల్‌ వాసులు నీటి ఒడ్డున నడవాలంటే మూసీ దాకా వెళ్లనక్కర్లేదు. మినీ ట్యాంక్‌బండ్‌గా పేరున్న సఫిల్‌గూడ చెరువు దగ్గర్లోనే ఉంది. సెలవు రోజున ఇంటిల్లిపాదీ వెళ్లి రావొచ్చు. అయితే మధుమేహం, గుండెజబ్బు ఉన్న పెద్దలు వెంట ఉంటే కాస్త ముందుజాగ్రత్త అవసరం.

ఎప్పుడు?: ఎండాకాలంలో ఎండ ముదరకముందే నడక ముగించాలి. చలికాలంలో ఆస్తమా ఉన్నవారు పొగమంచు విడిపోయాకే బయల్దేరాలి. సాయంత్రం వెళ్తే దోమలు కుట్టకుండా ఒంటినిండా దుస్తులు వేసుకోవాలి.

ఎంత వేగం?: నడుస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. ఆ వేగం చాలు. మోకాళ్ల నొప్పులుంటే మధ్యమధ్యలో కూర్చోవాలి. ఛాతీలో బరువు, దవడకో చేతికో పాకే నొప్పి అనిపిస్తే వెంటనే ఆగి 108కి ఫోన్‌ చేయాలి.

మధుమేహం ఉంటే: ఇన్సులిన్‌ తీసుకునేవారు పరగడుపున నడవొద్దు. జేబులో గ్లూకోజ్‌ ఉంచుకోవాలి. చెమటలు, వణుకు, తికమక మొదలైతే మూడు చెంచాల గ్లూకోజ్‌ నీళ్లలో కలిపి తాగాలి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకూడదు. చెప్పులు కాకుండా బూట్లు వేసుకోవాలి. ఇంటికొచ్చాక పాదాలకు పుండ్లు, బొబ్బలు ఉన్నాయేమో చూసుకోవాలి.

పిల్లలుంటే: నగర చెరువుల్లో మురుగు కలుస్తుంటుంది. కాళ్లకు గాయాలుంటే ఎలుక జ్వరం ముప్పూ ఉంటుంది. అందుకే నీటిలోకి దిగనివ్వొద్దు.

పెద్దలకు వారానికి కనీసం 150 నిమిషాల వ్యాయామం అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. అందులో అరగంట ఆదివారం చెరువు గట్టున పూర్తవుతుంది. మిగతా నాలుగు అరగంటలకు మీ వీధి చాలు.