కమల ఎక్కడ తప్పిపోయింది?

మా అమ్మాయిది ఇంజనీరింగ్ మొదటి సంవత్సరం. పోయిన శనివారం రాత్రి లాప్‌టాప్ మూసేసి, "నాకు కోడింగ్ రాదమ్మా, సివిల్‌కి మారిపోతాను" అంది. జావాస్క్రిప్ట్ నాకూ రాదు. కానీ క్యాష్ టాలీ కాని సాయంత్రాలు చాలానే చూశాను కనుక పక్కన కూర్చున్నాను.

అభ్యాసం చిన్నదే. "కమల పలక కమల" అన్న వరుసలో "కమల" పేరు ఎక్కడెక్కడ ఉందో వెతికి, ఆ అక్షరాలను ఒక జాబితాలో చేర్చాలి. ఆరు అక్షరాలు రావాలి. మూడే వస్తున్నాయి.

ఇందులో ఒక లూప్ లోపల మరో లూప్ ఉంటుంది. బయటి లూప్ "ఐ" మొదటినుంచి చివరిదాకా ఒక్కో అక్షరం చూస్తుంది. "క" కనబడితే లోపలి లూప్ "జె" అక్కడినుంచి మూడక్షరాలు ఏరాలి. లెక్క సున్నాతో మొదలు, మధ్యలోని ఖాళీలూ లెక్కే. అలా "క" ఉన్న స్థానాలు 0, 6, 8.

కోడ్‌ను ఎంతసేపు చూసినా తప్పు కనబడలేదు. వోచర్లు ఒక్కొక్కటీ టిక్కు పెట్టినట్టు, ప్రతి చుట్టులో ఐ ఎంతో, జె ఎంతో చూపించమన్నాను. దానికి కన్సోల్ లాగ్ అనే ఆదేశం ఉందట. ఐ 0 దగ్గర జె 0, 1, 2 అని వచ్చింది. 6 దగ్గర, 8 దగ్గర జె ఊసే లేదు. లోపలి లూప్‌కు "జె పేరు పొడవుకన్నా తక్కువ ఉన్నంతవరకు" అని హద్దు పెట్టింది. పేరు పొడవు 3. ఆరుతో మొదలయ్యే జె మూడుకన్నా తక్కువ ఎలా అవుతుంది? లూప్ లోపలికే వెళ్లలేదు. కంప్యూటర్ తప్పని కూడా అనలేదు, చెప్పినట్టే చేసింది. హద్దును "ఐ ప్లస్ పేరు పొడవు" అని మార్చింది.

ఈసారి తొమ్మిది వచ్చాయి! "పలక" చివర కూడా "క" ఉంది కదా. అక్కడినుంచి "క", ఖాళీ, మళ్లీ "క" ఏరుకొచ్చింది. మొదటి అక్షరం కలిసినంత మాత్రాన ఖాతాదారు అతడే అనుకుంటామా? ఏరిన మూడింటినీ ముందు విడిగా ఉంచి, పేరుతో పోల్చి, సరిపోతేనే జాబితాలో చేర్చేలా తనే మార్చుకుంది. ఆరు వచ్చాయి. సివిల్ మాట మళ్లీ ఎత్తలేదు.

ఆ హుషారులో నాయనమ్మ పేరు పెట్టి చూసింది. రెండక్షరాల "లక్ష్మి" పొడవు 7 అంది జావాస్క్రిప్ట్! ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. అన్నీ విడివిడిగా లెక్కపెడుతుంది. "అయితే నేను ఏడక్షరాల మనిషినన్నమాట" అని మా అత్తగారు ఒకటే నవ్వు.