పశుపోషణ విద్య పల్లెకు రావలెను

గేదెలలో మూగ ఎద తరచుగా కనిపించును. దానిని ఒక్కమారు గుర్తింపకపోయినచో మరల సుమారు 21 దినములు వేచియుండవలెను. మేత ఖర్చు తప్పదు. ఈత మాత్రము వెనుకబడును. దూడ పుట్టిన గంటలోపల జున్నుపాలు త్రాగింపనిచో దానికి రోగనిరోధక శక్తి కొరవడును. తెలియనితనమువలన రైతుకు కలుగు నష్టము లిట్టివి.

ఈ విషయములను నేర్పుటకే, 2005లో తిరుపతిలో నెలకొల్పబడిన శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయము క్రింద పశుసంవర్ధక పాలిటెక్నిక్కులు నడచుచున్నవి. పదవ తరగతి ఉత్తీర్ణులైన బాలబాలికలకు అందు రెండేండ్ల డిప్లొమా శిక్షణ లభించును. మేపు, దూడల పెంపకము, కృత్రిమ గర్భధారణ, ప్రథమచికిత్స మొదలగునవి పాఠ్యాంశములు.

వీరు పశువైద్యునికి బదులు కారు. ఆయనకు చేదోడు కాగలరు. కావున ప్రవేశ ప్రకటన వెలువడిన వెంటనే గ్రామసభలో చదివి వినిపింపవలసినదిగా పంచాయతీ సభ్యులను కోరుచున్నాము. ఎదను గుర్తింపగల కన్ను మీ పల్లెలోనే యుండనిండు.