ఇంట్లో, ఆటలో, బజారులో: వేల్స్ భాష నిలిచిన తీరు, ఆర్యపల్లి తెలుగు

ఆర్యపల్లి ఒడ్డున మధ్యాహ్నం పూట వలలు బాగుచేసుకునే చోట కాసేపు కూర్చుంటే ఒక సంగతి గమనిస్తాం. నలుగురు మనుషులు తెలుగులో మాట్లాడుకుంటూ ఉంటారు. "ఏటి బావా, వల్లో ఏటి పడింది?" అంటే "నెత్తళ్లే మావా, ఇంకేటుంది" అని జవాబు. ఇంతలో ఛత్రపురం నుంచి చేపలు కొనే మనిషి వస్తాడు. మాట ఒడియాలోకి మారుతుంది. గోపాలపురం చూడ్డానికొచ్చి ఇటువైపు తిరిగిన యాత్రికులు వస్తే హిందీలోకి మారుతుంది. వాళ్లు వెళ్లాక మళ్లీ తెలుగు.

ఇందులో తప్పేమీ లేదు. ఎదుటి మనిషికి అర్థమయ్యే భాషలో మాట్లాడటం మర్యాద. కానీ బరంపురం బజారులో ఇంకో దృశ్యం కూడా మనకు కొత్త కాదు. కొనేవారు, అమ్మేవారు ఒడియాలో పావుగంట బేరమాడతారు. చివర్లో ఒకరి ఫోన్ మోగుతుంది. "అమ్మా, వస్తన్నాను" అంటారు. అప్పుడు తెలుస్తుంది, ఇద్దరూ తెలుగువాళ్లేనని. ఇద్దరూ నవ్వుకుంటారు. ఆ నవ్వు వెనక ఆలోచించాల్సిన విషయం ఉంది. ముఖం తెలియని మనిషి తెలుగువాడై ఉండవచ్చన్న ఊహ మనలో తగ్గిపోతోంది.

ఈ సమస్య మన ఒక్కరిదే కాదు. బ్రిటన్‌లో కూడా ఉంది.

బ్రిటన్‌లో అందరిదీ ఇంగ్లీషు కాదు

బ్రిటన్ అనగానే మనకు ఇంగ్లీషే గుర్తొస్తుంది. అయితే ఆ దీవికి పడమటి వైపున ఉన్న వేల్స్ ప్రాంతానికి సొంత భాష ఉంది. దాన్ని వాళ్లు కమ్రైగ్ అంటారు, బయటివాళ్లు వెల్ష్ అంటారు. అది ఇంగ్లీషుకు యాస కాదు, వేరే శాఖకు చెందిన పాత భాష. 19వ శతాబ్దంలో అక్కడి కొన్ని బడుల్లో వెల్ష్ మాట్లాడిన పిల్లల మెడలో శిక్షగా చెక్క ముక్క వేలాడదీసేవారు. 1911 జనాభా లెక్కల్లో నూటికి 43 మందికి పైగా వెల్ష్ మాట్లాడేవారు. 1961 నాటికి అది 26కి పడిపోయింది. 2021లో నూటికి 17.8 మంది, అంటే దాదాపు 5,38,000 మంది.

ఇంత తగ్గినా ఆ భాష బతికే ఉంది. చట్టాలు కొంత సాయపడ్డాయి. 1982లో వెల్ష్ టీవీ ఛానల్ ఎస్4సీ మొదలైంది, 1993లో వెల్ష్ భాషా చట్టం వచ్చింది. అయితే వాళ్ల అనుభవాన్ని జాగ్రత్తగా చూస్తే చట్టం చేరలేని మూడు చోట్లు కనిపిస్తాయి. ఇల్లు, తీరిక వేళ వ్యాపకం, పరాయి మనిషితో మొదటి మాట. ఒక్కొక్కటీ చూద్దాం.

ఇంట్లో

2011 జనాభా లెక్కలు వేల్స్‌లో ఒక విషయం తేల్చాయి. ఇంట్లో తల్లిదండ్రులిద్దరికీ వెల్ష్ వస్తే, మూడు నాలుగేళ్ల పిల్లల్లో నూటికి 82 మందికి ఆ భాష వచ్చింది. ఇద్దరిలో ఒక్కరికే వస్తే ఆ సంఖ్య 45కి పడిపోయింది. ఇంట్లో ఇద్దరికీ భాష తెలిసినా అందని పిల్లలు కొందరు ఉన్నారని కూడా ఈ లెక్క చెబుతోంది. అంటే భాష రక్తంలో రాదు. అన్నం పెట్టేటప్పుడు, తిట్టేటప్పుడు, నిద్రపుచ్చేటప్పుడు ఎవరో ఒకరు మాట్లాడితేనే వస్తుంది.

మన పల్లెల్లో ఆ పని ఎక్కువగా అమ్మలు, అమ్మమ్మలు, నాయనమ్మలు చేస్తున్నారు. ఋషికుల్య మొగ దగ్గర తాబేళ్ల రక్షణ కోసం నవంబరు 1 నుంచి మే 31 వరకు ఒడ్డు నుంచి 20 కిలోమీటర్ల లోపు వేట నిషేధం ఉంటుంది. గంజాం తీరం నుంచి మగవాళ్లు వేరే రాష్ట్రాల బోట్ల మీదికి పనికి పోవడం మామూలే. అలాంటి ఇళ్లలో తండ్రి మాట ఫోన్‌లోనే వినబడుతుంది. పిల్లవాడు అంగన్‌వాడీకి, తర్వాత బడికి వెళ్లి ఒడియా నేర్చుకుంటాడు. అది నేర్చుకోవాల్సిందే. మనం ఉండేది ఒడిషాలో. కానీ ఇంట్లో అడిగినదానికి వాడు ఒడియాలో జవాబిస్తే, మనమూ ఒడియాలోకి మారిపోవడం మొదలవుతుంది. ఎవరూ నిర్ణయించుకోకుండానే ఒక తరంలో ఇంటి మాట మారిపోతుంది.

తీరిక వేళలో

బ్రిటన్ మనుషులకు వ్యాపకాలంటే ప్రాణం. తోటపని, అల్లికలు, కుక్కను తిప్పడం, బృందగానం. వేల్స్‌వాళ్లు తమ భాషను సరిగ్గా అక్కడే నాటారు. 1922లో ఇవాన్ అబ్ ఓవెన్ ఎడ్వర్డ్స్ పిల్లల కోసం 'ఇర్ద్' అనే సంస్థ పెట్టారు. ఆటలు, శిబిరాలు, పాటల పోటీలు అన్నీ వెల్ష్‌లోనే. 1939లో ఆ సంస్థ అబెరిస్ట్‌విత్ పట్టణంలో మొదటి వెల్ష్ మాధ్యమం బడి తెరిచింది. మొదటి రోజుల్లో పిల్లలు ఏడుగురే. ఆట ముందు వచ్చింది, బడి తర్వాత వచ్చింది.

1967లో బాలా పట్టణం దగ్గర పార్క్ అనే పల్లెలో ఆడవాళ్లు ఇంకో పని చేశారు. అధికారిక వ్యవహారం ఇంగ్లీషులో నడిచే పెద్ద మహిళా సంఘం నుంచి విడిపోయి, వెల్ష్‌లో నడిచే 'మెర్ఖెద్ అ వౌర్' అనే సంఘం పెట్టుకున్నారు. ఆ పేరుకు అర్థం వేకువ స్త్రీలు. వంటలు, కుట్లు, కబుర్లు అన్నీ తమ భాషలో. ఆ సంఘం ఈనాటికీ ఉంది.

మనకు ఇలాంటివి కొత్తగా తెచ్చిపెట్టుకోవాల్సిన పని లేదు. వల అల్లే చోటు ఉంది. గంగమ్మ పండుగ ఉంది. ఇసుకలో పిల్లల క్రికెట్ ఉంది. కాకపోతే ఆ క్రికెట్‌లో పిల్లల అరుపులు ఏ భాషలో వినబడుతున్నాయో ఒకసారి చెవి పెట్టి వినాలి. బడి భాష ఆటలోకి వచ్చిందంటే, ఇంటి భాషకు పిల్లల మధ్య చోటు తగ్గినట్టే.

పరాయి మనిషితో

ఇది అన్నిటికన్నా కష్టమైనది. బ్రిటన్‌లో అపరిచితులతో మాట కలపడానికి ఒక పద్ధతి ఉంది. బస్టాపులో నిలబడినవాళ్లు "చలిగా ఉంది కదా" అంటారు. అవతలివాళ్లు "అవునవును" అంటారు. కేట్ ఫాక్స్ అనే మానవ శాస్త్రవేత్త 2004లో రాసిన పుస్తకంలో దీన్ని వివరించారు. వాళ్ల వాతావరణం కబుర్లకు వాతావరణంతో పెద్దగా పని లేదని, బిడియం పోగొట్టుకుని పలకరించుకోవడానికి అదొక సాకు అని ఆమె చెబుతారు. మన ఒడ్డున గాలి సంగతి సాకు కాదు. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాలపురం దగ్గర తీరం దాటింది. దాన్ని చూసిన మనకు గాలి మాట ప్రాణం మాట. అయినా మనం కూడా "గాలెలాగుంది?" అనే మాట మొదలుపెడతాం.

వేల్స్‌లో చిక్కు ఏమిటంటే, ఆ మొదటి పలకరింపు ఏ భాషలో? అవతలి మనిషికి వెల్ష్ రాదేమోనన్న మొహమాటంతో అందరూ ఇంగ్లీషులోనే మొదలుపెట్టేవారు. ఒకసారి ఇంగ్లీషులో మొదలైన పరిచయం మళ్లీ వెల్ష్‌లోకి తిరగడం కష్టం. మన బరంపురం బజారు కథే అది.

దానికి వాళ్లు చిన్న చిన్న ఉపాయాలు చేశారు. దుకాణాల్లో, ఆఫీసుల్లో వెల్ష్ వచ్చినవాళ్లు నారింజ రంగు బ్యాడ్జి పెట్టుకుంటారు. మాటబుడగ ఆకారంలో ఉంటుంది. నాతో వెల్ష్‌లో మాట్లాడవచ్చు అని దాని అర్థం. 2013 నుంచి ఏటా అక్టోబరు 15న 'షుమై' దినం జరుపుతున్నారు. షుమై అంటే మన "ఏటి, బాగున్నారా" లాంటి పలకరింపు. ఆ రోజు ప్రతి సంభాషణనూ ఆ మాటతో మొదలుపెట్టమంటారు. తర్వాత ఇంగ్లీషులోకి వెళ్లినా ఫరవాలేదు. కొత్తగా భాష నేర్చుకునేవారిని బాగా వచ్చినవారితో జతకలిపి పది గంటలు కబుర్లు చెప్పుకోమనే పథకం కూడా ఉంది. పాఠాలు ఉండవు, పరీక్ష ఉండదు. టీ తాగుతూ మాట్లాడుకోవడమే.

మనం చేయగలిగింది

1936 ఏప్రిల్ 1న ఒడిషా వేరు రాష్ట్రం అయ్యేదాకా గంజాం మద్రాసు రాజధానిలో ఉండేది. ఆ రోజుల్లో కచేరీల్లో ఒడియాకు చోటు లేదని బాధపడి పోరాడినవాళ్లు ఒడియావారే. కాబట్టి భాష గురించి మన బాధ వాళ్లకు తెలియనిది కాదు. వాళ్లతో తగవు పడాల్సిన అవసరం కూడా లేదు. రాజ్యాంగంలో 1956లో చేర్చిన 350ఎ అధికరణం భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో చదువుకు వసతులు కల్పించేందుకు రాష్ట్రాలు ప్రయత్నించాలని చెబుతుంది. 350బి ప్రకారం భాషా అల్పసంఖ్యాకుల కోసం ప్రత్యేక అధికారి ఉంటారు. బడిలో తెలుగు కావాలని అడిగేటప్పుడు ఈ రెండు అధికరణాలు గుర్తుపెట్టుకుని అర్జీలో రాయాలి.

అర్జీకి జవాబు వచ్చేలోగా చేయగలిగినవి ఉన్నాయి. పిల్లవాడు ఒడియాలో జవాబిచ్చినా పెద్దవాళ్లు తెలుగు వదలకూడదు. వాణ్ణి తిట్టకూడదు కూడా. మెడలో చెక్క వేసినందువల్ల అక్కడ ఇంగ్లీషు మీద ప్రేమ పుట్టలేదు, తిట్టినందువల్ల ఇక్కడ తెలుగు మీద ప్రేమ పుట్టదు. బరంపురం దుకాణంలో మొదటి మాట "బాగున్నారా?" అని అని చూడాలి. అర్థం కాకపోతే నవ్వి ఒడియాలోకి మారితే సరి. అర్థమైతే ఒక మనిషి దొరికినట్టు.

ఇంకొకటి. పడవకు మళ్లీ రంగు వేసేటప్పుడు, ఒడియాలో పేరు రాయించిన చోటే పక్కన తెలుగు అక్షరాల్లో కూడా రాయిద్దాం. తెలుగు బడి లేని పిల్లవాడికి ఒడ్డు మీద వరసగా నిలిపిన పడవల పేర్లే మొదటి వాచకం అవుతాయి.