ఉచితమే.. కానీ ఊరికే నడవదు!

* మాతృసంస్థ పక్కనపెట్టిన ‘థండర్‌బర్డ్’కు వాడుకదారులే అండ
* 2019లో 15 లక్షల డాలర్లు.. 2023 నాటికి 86 లక్షల డాలర్ల విరాళాలు

రూపాయి చెల్లించకుండా కంప్యూటరులో వేసుకునే సాఫ్ట్‌వేర్ వెనుక కూడా జీతాలు తీసుకునే ఇంజినీర్లు ఉంటారు. సర్వర్ల అద్దెలు ఉంటాయి. ఆ ఖర్చును ఎవరో ఒకరు భరించకపోతే ఎంత మంచి ప్రోగ్రామైనా కొన్నేళ్లకు పాడుపడక తప్పదు. ‘థండర్‌బర్డ్’ అనే ఈ-మెయిల్ ప్రోగ్రాము చరిత్రే ఇందుకు నిదర్శనం. 2012లో సొంత సంస్థే దీనిని వెనుక వరుసకు నెట్టింది. 2015లో వేరు కాపురం పెట్టుకోవాల్సి ఉంటుందని తేల్చిచెప్పింది. అయినా అది మూతపడలేదు. ప్రకటనలతో కాకుండా వాడుకునేవారు పంపిన చిన్న చిన్న మొత్తాలతోనే తిరిగి నిలదొక్కుకుంది.

ఏమిటీ థండర్‌బర్డ్?

ఎక్కువ మంది ఈ-మెయిల్‌ను బ్రౌజరులో తెరిచి చూసుకుంటారు. ఉత్తరాలన్నీ ఆ సేవను నడిపే సంస్థ సర్వర్లలో ఉంటాయి. థండర్‌బర్డ్ తీరు వేరు. ఇది కంప్యూటరులోనే ఉండే ప్రోగ్రాము. వేర్వేరు సంస్థల వద్ద ఉన్న ఖాతాలను ఒకేచోట చూపుతుంది. ఉత్తరాలను సొంత హార్డ్‌డిస్కులో దాచుకునే వీలు కల్పిస్తుంది. ఇంటర్నెట్ లేని సమయంలోనూ పాత ఉత్తరాలు వెతుక్కోవచ్చు. ఏళ్ల తరబడి జరిగిన ఉత్తర ప్రత్యుత్తరాలను భద్రపరచుకోవాల్సిన న్యాయవాదులు, పరిశోధకులు, చిన్న వ్యాపారులకు ఇది ఎంతో ఉపయోగం.

1998లో నెట్‌స్కేప్ సంస్థ తన బ్రౌజరు సోర్స్‌కోడ్‌ను అందరికీ అందుబాటులోకి తేవడంతో మొజిల్లా ఉద్యమం మొదలైంది. 2003లో మొజిల్లా ఫౌండేషన్ ఏర్పడింది. ఫైర్‌ఫాక్స్ బ్రౌజరుకు తోబుట్టువుగా థండర్‌బర్డ్ తొలి పూర్తిస్థాయి వెర్షన్ 2004 డిసెంబరులో విడుదలైంది. ఇది ఓపెన్‌సోర్స్. అంటే దీని కోడ్‌ను ఎవరైనా చదవవచ్చు, మార్చవచ్చు, పంచవచ్చు.

తమ్ముడికి లేని రాబడి

అన్నకు, తమ్ముడికి మొదటి నుంచీ ఒక తేడా ఉంది. ఫైర్‌ఫాక్స్‌లో ఎవరైనా ఏదైనా వెతికితే ఆ వెతుకులాట గూగుల్ వంటి సంస్థకు చేరుతుంది. అందుకు ప్రతిగా మొజిల్లాకు సొమ్ము ముడుతుంది. మొజిల్లా ఆదాయంలో అధిక భాగం ఇలా వచ్చినదే. ఉత్తరాలు చదివే ప్రోగ్రాముకు అటువంటి దారి లేదు. పైగా 2004లో జీమెయిల్ రావడంతో బ్రౌజరులోనే ఉత్తరాలు చూసుకునే అలవాటు వేగంగా పెరిగింది.

దీనికి విరుగుడుగా మొజిల్లా 2008లో ‘మొజిల్లా మెసేజింగ్’ పేరుతో ప్రత్యేక సంస్థను ఏర్పాటు చేసింది. అది ఎక్కువ కాలం నిలవలేదు. 2011లో దానిని తిరిగి మాతృసంస్థలో కలిపేశారు. 2012 జులైలో అసలు దెబ్బ పడింది. థండర్‌బర్డ్ ఇకపై తమ ప్రాధాన్యం కాదని, భద్రత, స్థిరత్వానికి సంబంధించిన మరమ్మతులు మాత్రం అందిస్తామని, కొత్త సదుపాయాలు కావాలంటే స్వచ్ఛంద కార్యకర్తలే చేసుకోవాలని మొజిల్లా ప్రకటించింది.

ఉమ్మడి గోడతో తంటా

సొంత ఇల్లు కట్టుకోని తమ్ముడిలా థండర్‌బర్డ్, ఫైర్‌ఫాక్స్ కోడ్ మీద ఆధారపడి ఉంది. అన్న తన ఇంట్లో గోడ తీసి కిటికీ పెడితే తమ్ముడి దూలం కదులుతుంది. పోటీని తట్టుకోవడానికి ఫైర్‌ఫాక్స్ తన పాత సాంకేతికతను ఒక్కొక్కటిగా తొలగిస్తూ వచ్చింది. తొలగించిన ప్రతిసారీ థండర్‌బర్డ్‌లో ఏదో ఒకటి పనిచేయకుండా పోయేది. దానిని సరిచేయడానికే కార్యకర్తల సమయమంతా హరించుకుపోయేది. అటు ఫైర్‌ఫాక్స్ ఇంజినీర్లకూ ఇది భారమైంది.

ఈ నేపథ్యంలో 2014లో కార్యకర్తలు ‘థండర్‌బర్డ్ కౌన్సిల్’ను ఏర్పాటు చేసుకుని నిర్వహణను భుజానికెత్తుకున్నారు. ఏడాది తిరిగేసరికి, రెండింటినీ విడదీయడమే మేలని మొజిల్లా అధినేత్రి మిచెల్ బేకర్ ప్రతిపాదించారు. ఇతర స్వచ్ఛంద సంస్థలకు అప్పగించే అవకాశాలనూ పరిశీలించారు. చివరకు 2017లో, చట్టపరంగా, ఆర్థికంగా మొజిల్లా ఫౌండేషన్ నీడలోనే ఉంటూ రోజువారీ వ్యవహారాలు కౌన్సిల్ చూసుకునేలా ఒప్పందం కుదిరింది.

నిర్లక్ష్యం ఎందుకు ప్రమాదం?

పాత ప్రోగ్రామును అలాగే వాడుకుంటే పోయేదేముంది అనిపించవచ్చు. ఈ-మెయిల్ విషయంలో అది చెల్లదు. ముక్కూ మొహం తెలియనివారు పంపిన సందేశాలను కూడా ఈ ప్రోగ్రాము తెరవాల్సి ఉంటుంది. అందులో చిన్న లోపం ఉన్నా దుండగులకు దొడ్డిదారి దొరికినట్లే. 2014లో బయటపడిన ‘హార్ట్‌బ్లీడ్’ లోపం ఇందుకు హెచ్చరిక. ప్రపంచంలో లక్షలాది వెబ్‌సైట్లకు రక్షణగా ఉన్న ‘ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్’ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఆ లోపం రెండేళ్లకు పైగా ఎవరి కంటా పడలేదు. అంత కీలకమైన సాఫ్ట్‌వేర్‌కు అప్పట్లో ఏటా అందుతున్న విరాళాలు సుమారు 2 వేల డాలర్లు మాత్రమే!

ఊరి చెరువు అందరిదీ. నీళ్లు అందరికీ కావాలి. కానీ తూము కాసే నీరుగంటికి గింజలు కొలవకపోతే, కట్టకు ఏటా మట్టి పోయకపోతే ఏదో ఒక వానకు గండి పడుతుంది. ఉచిత సాఫ్ట్‌వేర్ సంగతీ అంతే.

అడిగితేనే అందింది

థండర్‌బర్డ్ బృందం ఈ గుట్టు గ్రహించింది. ప్రోగ్రాము తెరవగానే కనిపించే పేజీలో విరాళం కోరడం మొదలుపెట్టింది. సొమ్ము ఎందుకు అవసరమో, దేనికి ఖర్చు పెడుతున్నారో వివరించింది. ఏటా ఆర్థిక నివేదికను బహిరంగపరిచింది. 2020 జనవరిలో మొజిల్లా ఫౌండేషన్‌కు అనుబంధంగా ‘ఎంజెడ్ఎల్ఏ టెక్నాలజీస్’ అనే సంస్థ ఏర్పడి థండర్‌బర్డ్ బాధ్యత తీసుకుంది. ఉద్యోగులను నియమించుకోవడానికి, సేవల ద్వారా ఆదాయం పొందడానికి ఇది వీలు కల్పించింది.

ఫలితం అంకెల్లో కనిపించింది. 2019లో 15 లక్షల డాలర్లుగా ఉన్న విరాళాలు 2020లో 23 లక్షలకు, 2021లో 28 లక్షలకు పెరిగాయి. 2022లో విజ్ఞప్తిని నేరుగా ప్రోగ్రాములోనే చూపడంతో ఒక్కసారిగా 64 లక్షల డాలర్లకు, మరుసటి ఏడాది 86 లక్షలకు చేరాయి. ఇచ్చినవారు మొత్తం వాడుకదారుల్లో కొద్దిమందే. అయినా తలా కొంత వేయడంతో గంప నిండింది.

పాత ఇంటికి మరమ్మతులు

వచ్చిన సొమ్ములో సింహభాగం జీతాలకే వెళుతుంది. పని కూడా అంతే ఉంది. ఇరవై ఏళ్ల కాలంలో ఎందరో రాసి వదిలిన కోడ్‌ను సరిచేయడం కొత్తది రాయడం కంటే కష్టం. ఉత్తరాల పట్టికను దాచేందుకు 1990ల నాటి నెట్‌స్కేప్ కాలపు ‘మోర్క్’ అనే పద్ధతినే థండర్‌బర్డ్ దశాబ్దాల పాటు మోసుకొచ్చింది. ఒక మూల కదిపితే మరో మూల కూలుతుందన్న భయంతో ఇలాంటివి ఏళ్ల తరబడి అలాగే ఉండిపోయాయి. నిధులు సమకూరాక 2023 జులైలో ‘సూపర్‌నోవా’ పేరుతో రూపురేఖలు మార్చిన వెర్షన్ 115ను విడుదల చేశారు. ‘కె-9 మెయిల్’ అనే ఉచిత ఆండ్రాయిడ్ యాప్‌ను 2022లో తమతో కలుపుకొన్నారు. దాని పునాదిపైనే 2024 అక్టోబరులో ఫోన్లకూ థండర్‌బర్డ్ వచ్చింది.

విరాళాలపైనే ఎల్లకాలం ఆధారపడటం మాత్రం గాలిలో దీపమే. ఒక ఏడాది దాతల మనసు మారితే ఉద్యోగాలకు ముప్పు. అందుకే 2025లో ‘థండర్‌మెయిల్’ అనే ఈ-మెయిల్ సేవతో పాటు మరికొన్ని రుసుము సేవలను ప్రకటించారు. సర్వర్లు అవసరమైన సేవలకు సొమ్ము తీసుకుని, కంప్యూటరులో వాడే ప్రోగ్రామును మాత్రం ఉచితంగానే కొనసాగించాలన్నది ఆలోచన.

ఉచిత సాఫ్ట్‌వేర్ వాడేవారు గమనించాల్సినవి

* ప్రోగ్రామును అధికారిక వెబ్‌సైటు నుంచే దించుకోవాలి.
* అప్‌డేట్ వచ్చినప్పుడు వాయిదా వేయరాదు. భద్రతా లోపాలకు మరమ్మతులు అందులోనే ఉంటాయి.
* ఉత్తరాలు సొంత కంప్యూటరులోనే ఉంటే వాటికి మరో డిస్కులో నకలు ఉంచుకోవాలి. డిస్కు చెడితే తిరిగి తెచ్చుకోవడం కష్టం.
* విరాళం తప్పనిసరి కాదు. ఇవ్వలేనివారు లోపాలను తెలియజేయడం, తమ భాషలోకి అనువదించడం, కొత్తవారికి నేర్పడం ద్వారానూ తోడ్పడవచ్చు.